అప్‌డేట్ మధ్యలో ఎందుకు ఆగుతుంది? – ఇంటి కంప్యూటర్ చరిత్రలో ఒక అధ్యాయం



ఢిల్లీలో ఐఐటీ ప్రాంగణాన్ని ఆనుకుని జియా సరాయ్ అనే పేట ఉంది. ఒకప్పుడు ఊరే. నగరం నాలుగువైపులా కమ్ముకురావడంతో ఇప్పుడు ఇరుకు సందులు, అంతస్తు మీద అంతస్తు వేసిన ఇళ్లు, పుస్తకాల దుకాణాలు, జిరాక్స్ యంత్రాలు, కోచింగ్ బోర్డులతో కిక్కిరిసిపోయింది. గేట్, ఇంజనీరింగ్ సర్వీసెస్, సీఎస్ఐఆర్ నెట్ వంటి పరీక్షల కోసం మన రెండు తెలుగు రాష్ట్రాల నుంచి వెళ్లిన పిల్లలు ఎందరో అక్కడి గదుల్లో అద్దెకు ఉంటారు. నలుగురున్న గదిలో ఒక పాత కంప్యూటర్ ఉందనుకుందాం. రేపు దరఖాస్తుకు ఆఖరి రోజు. రాత్రి పదకొండు గంటలకు తెర మీద ఒక సందేశం వచ్చింది: అప్‌డేట్లు అమరుతున్నాయి, కంప్యూటర్‌ను ఆపవద్దు, 35 శాతం పూర్తయింది. గంట గడిచింది. ఇంకా 35 శాతమే.

ఇలాంటప్పుడు గదిలో మూడు సలహాలు వినిపిస్తాయి. ప్లగ్గు పీకెయ్యమని ఒకరు. రేపు దుకాణానికి తీసుకెళ్లి ఫార్మాట్ చేయిద్దామని ఇంకొకరు. ఇక మీదట ఈ అప్‌డేట్లన్నీ శాశ్వతంగా ఆపేద్దామని మూడోవారు. ఈ మూడింటిలో మూడోది వినడానికి అన్నిటికన్నా తెలివైనదిగా ఉంటుంది, నష్టం మాత్రం అన్నిటికన్నా దానివల్లే ఎక్కువ. అది ఎందుకో తెలియాలంటే ఈ అప్‌డేట్ అనే ఏర్పాటు ఎలా పుట్టిందో, దాని మెట్లు ఒక్కొక్కటీ ఏ ఇబ్బందిలోంచి వచ్చాయో చూడాలి. ఆగిపోయిన అప్‌డేట్ ఎప్పుడూ ఏదో ఒక మెట్టు మీదే ఆగుతుంది. అది ఏ మెట్టో పట్టుకుంటే సగం వైద్యం అయినట్టే.

కాగితం మీద అతుకు

అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో 1944లో మార్క్ 1 అనే పెద్ద గణనయంత్రం పని మొదలుపెట్టింది. దానికి ఆదేశాలను రంధ్రాలు పొడిచిన కాగితపు పట్టీ మీద ఇచ్చేవారు. ఆదేశం తప్పుపోతే పట్టీ అంతా మళ్లీ పొడవడం ఎందుకని, తప్పు రంధ్రం మీద చిన్న కాగితం ముక్క అంటించేవారు. అంటే అతుకు వేసేవారు. ఇప్పటికీ సాఫ్ట్‌వేర్ సవరణను ప్యాచ్ అంటున్నామంటే ఆ కాగితం ముక్కే కారణం. ఆనాటి మనిషికి ఒక సౌకర్యం ఉండేది: అతుకు ఎక్కడ వేశాడో, ఎక్కడ ఊడిందో కంటికి కనిపించేది. మనకు కనిపించేది 35 శాతం అనే అంకె మాత్రమే.

ఆ శాతం గురించి ఇక్కడే ఒక మాట. అది గడియారం కాదు. చేయవలసిన పనులను లెక్కపెట్టి, వాటిలో ఎన్ని అయ్యాయో చూపే సంఖ్య. వంద పనుల్లో ముప్ఫై అయిదు పనులు నిమిషంలో అయిపోయి, ముప్ఫై ఆరోది గంట పట్టవచ్చు. పెళ్లి భోజనాల్లో విస్తళ్లు వేయడం ఒక పని, అన్నం వండడం ఒక పని అని లెక్కవేస్తే ఎలా ఉంటుందో ఇదీ అలాంటిదే. అందుచేత అంకె కదలనంత మాత్రాన యంత్రం చచ్చిపోయిందని అనుకోకూడదు.

ఇంటి కంప్యూటర్లు వచ్చిన తొలి రోజుల్లో సాఫ్ట్‌వేర్ కొన్నామంటే కొన్నట్టే. సవరణ కావాలంటే ఫ్లాపీ గాని, సీడీ గాని తెప్పించుకోవాలి. 1998 జూన్ 25న విడుదలైన విండోస్ 98తో ఈ పద్ధతి మారింది. స్టార్ట్ మెనూలో విండోస్ అప్‌డేట్ అనే మాట చేరింది. దాన్ని నొక్కితే ఇంటర్నెట్‌లో ఒక చోటుకు తీసుకువెళ్లి, మీ యంత్రంలో ఏమేమి లేవో చూసి, జాబితా ఇచ్చేది. 2000లో వచ్చిన విండోస్ మిలీనియం ఎడిషన్‌తో ఈ వెతుకులాటను కంప్యూటరే స్వయంగా చేసుకోవడం మొదలైంది. చదవడానికి బాగానే ఉంది. కాని ఈ ఏర్పాటును ఆలోచించినవారి మనసులో ఉన్న ఇంటర్నెట్ వేరు, మన ఇళ్లలో ఉన్నది వేరు.

అయిదు కిలోబైట్ల దారి

మన దేశంలో సామాన్య ప్రజలకు ఇంటర్నెట్‌ను విదేశ్ సంచార్ నిగమ్ 1995 ఆగస్టు 15న ప్రారంభించింది. ఫోను తీగ ద్వారా, మోడెమ్ కీచుమంటూ కలిపే ఇంటర్నెట్ అది. తరవాత్తరవాత వచ్చిన మోడెమ్‌ల పెట్టె మీద సెకనుకు 56 కిలోబిట్లు అని రాసి ఉన్నా, మన తీగల మీద 40 వస్తే గొప్ప. ఎనిమిది బిట్లు ఒక బైటు గనుక, సెకనుకు 5 కిలోబైట్లన్నమాట. ఈ 5 అనే అంకెను గుర్తుంచుకోండి. దీనితో కొన్ని లెక్కలు చేద్దాం.

2003 జులై 16న మైక్రోసాఫ్ట్ ఒక సవరణ విడుదల చేసింది. విండోస్ ఎక్స్‌పీ, విండోస్ 2000లలో ఒక సేవా విభాగానికి బయటినుంచి తప్పుడు సందేశం పంపి యంత్రాన్ని లోబరుచుకోవచ్చని తేలింది. దానికి అతుకు ఇది. చాలామంది వేసుకోలేదు. సరిగ్గా 26 రోజుల తరవాత, ఆగస్టు 11న, బ్లాస్టర్ అనే పురుగు ఆ రంధ్రంలోంచే బయలుదేరింది. ఎవరూ ఏ ఫైలూ తెరవనక్కరలేదు. ఇంటర్నెట్‌కు కలిస్తే చాలు. దాని దెబ్బకు ఆ సేవా విభాగం కూలిపోయేది, తెర మీద ఒక పెట్టె వచ్చి 60 సెకన్లలో కంప్యూటర్ ఆగిపోతుందని వెనక్కి లెక్కపెట్టేది.

ఇప్పుడు లెక్క చూడండి. ఆ అతుకు పరిమాణం ఒక మెగాబైటుకు కాస్త పైనే. ఒక్క మెగాబైటే అనుకున్నా 1024 కిలోబైట్లు. సెకనుకు 5 చొప్పున 205 సెకన్లు, అంటే మూడు నిమిషాలు దాటుతుంది. మందు ఇంటికి చేరడానికి మూడు నిమిషాలు, రోగి పడిపోవడానికి ఒక్క నిమిషం. తిరిగి లేపి కలిపితే మళ్లీ అదే. ఇంటి కంప్యూటర్ల చరిత్రలో అప్‌డేట్ మధ్యలో ఆగిపోవడం అనే సమస్య లక్షలాదిమందికి ఒకేసారి అనుభవంలోకి వచ్చింది అప్పుడే. తెలిసినవారు రన్ పెట్టెలో షట్‌డౌన్ అని కొట్టి, పక్కన ఒక గీత, ఏ అనే అక్షరం పెట్టి లెక్కింపును ఆపేవారు. ఫైర్‌వాల్‌ను ముందుగా తెరిచి ఆ తరవాతే ఇంటర్నెట్‌కు కలిపేవారు. తెలియనివారు సీడీ మీద ఆ అతుకును ఎవరైనా తెచ్చిపెట్టే దాకా కంప్యూటర్‌కు బట్ట కప్పి ఉంచారు.

బ్లాస్టర్ రాసినవారి ఎత్తుగడ ఇంకొకటుంది. పురుగు సోకిన యంత్రాలన్నీ ఆగస్టు 16 నుంచి విండోస్ అప్‌డేట్ చిరునామా మీదే ఒక్కసారిగా పడాలని అందులో రాశారు. మందుల దుకాణం గుమ్మంలో తొక్కిసలాట సృష్టించడం వంటిదిది. అదృష్టవశాత్తు వారు రాసిన చిరునామా అసలు దుకాణానికి దారి చూపే పాత బోర్డు మాత్రమే. మైక్రోసాఫ్ట్ ఆ బోర్డును తీసేసింది, దుకాణం నిలిచింది.

ఆ ఏడాది అక్టోబర్ నుంచే సవరణలను నెలకొకసారి, రెండో మంగళవారం, కలిపి ఇవ్వడం మొదలుపెట్టారు. అమెరికా పశ్చిమ తీరంలో ఉదయం పది గంటలంటే మనకు రాత్రి పదిన్నర, చలికాలంలో పదకొండున్నర. మన గదుల్లో రాత్రిపూట, లేదా బుధవారం పొద్దున్నే ఈ నీలి తెరలు ఎందుకు ప్రత్యక్షమవుతాయో దీన్నిబట్టి ఊహించవచ్చు.

మరుసటి సంవత్సరం, 2004 ఆగస్టులో, ఎక్స్‌పీకి రెండో సర్వీస్ ప్యాక్ వచ్చింది. ఫైర్‌వాల్ దానంతట అదే తెరుచుకుని ఉండేలా చేసినది ఇదే. బెంగాలీ, మలయాళ లిపులు ఎక్స్‌పీలో సరిగా కనిపించడం కూడా దీనితోనే మొదలైంది. తెలుగు మాత్రం 2001లో ఎక్స్‌పీతోపాటే, గౌతమి అనే ఖతితో వచ్చింది. పూర్తి ప్యాక్ పరిమాణం 266 మెగాబైట్లు. మన 5 కిలోబైట్ల దారిలో అది దిగడానికి సుమారు 54,500 సెకన్లు, అంటే పదిహేను గంటల పైమాట. పదిహేను గంటలు ఫోను తీగ తెగకుండా, కరెంటు పోకుండా, ఇంట్లో ఇంకెవరికీ ఫోను రాకుండా ఉండడం ఏ ఊళ్లో సాధ్యం? 2004 అక్టోబర్‌లో వచ్చిన బ్రాడ్‌బ్యాండ్ విధానం సెకనుకు 256 కిలోబిట్లను కనీస వేగంగా నిర్ణయించింది. ఆ వేగంతో అదే ప్యాక్‌కు రెండు గంటల ఇరవై రెండు నిమిషాలు.

ఎక్స్‌పీతో వచ్చిన బిట్స్ అనే సేవా విభాగం పుట్టింది ఇలాంటి తెగిపోయే దారుల కోసమే. మీరు వేరే పని చేసుకుంటున్నప్పుడు మిగిలిన వేగాన్ని మాత్రమే వాడుకుంటూ, ఫైలును ముక్కలు ముక్కలుగా దించుతుంది. తీగ తెగితే ఎక్కడ ఆగిందో రాసిపెట్టుకుని, మళ్లీ కలిసినప్పుడు అక్కడినుంచే మొదలుపెడుతుంది. సరాయ్ అంటే బాటసారులు రాత్రి ఆగి, తెల్లవారి సాగిపోయే సత్రం కదా, ఈ పద్ధతీ అంతే. కనుక దిగుమతి దశలో అప్‌డేట్ ఆగితే సాధారణంగా భయపడవలసింది లేదు. ఒకే కనెక్షన్‌ను పది గదులు పంచుకునే చోట పగలు కదలనిది తెల్లవారుజామున తానే పూర్తవుతుంది.

ఆపేసుకున్నవాళ్లు

మన దేశంలో అప్‌డేట్లను ఆపేసే అలవాటు వేగం తక్కువనే కారణం చేత మాత్రమే రాలేదు. నెహ్రూ ప్లేస్‌లో గాని, హైదరాబాద్ సికింద్రాబాద్ దుకాణాల్లో గాని విడిభాగాలతో కంప్యూటర్ కట్టించుకున్నప్పుడు, చాలాచోట్ల దుకాణదారు తన దగ్గరున్న నకలు విండోస్‌నే వేసి ఇచ్చేవాడు. వేసిన వెంటనే అప్‌డేట్లు ఆపేసేవాడు. 2005 జులైలో మైక్రోసాఫ్ట్ అసలు నకళ్ల పరీక్షను తప్పనిసరి చేసినప్పుడు ఈ భయం రెట్టింపైంది. నిజానికి ఆ పరీక్షలో తప్పినవారికి కూడా భద్రతా సవరణలు స్వయంచాలకంగా అందుతూనే ఉన్నాయి. ఆగినవి మిగతా దిగుమతులు. ఈ తేడా చెప్పినవారు తక్కువ, విన్నవారు ఇంకా తక్కువ. నకలు వాడటాన్ని నేను సమర్థించను. కాని నకలు అన్న భయంతో అతుకులు కూడా మానేసి, ఇరుగుపొరుగు యంత్రాలకు పురుగులు అంటించడం రెండో తప్పు.

అప్‌డేట్ ఆపేస్తే భద్రతతోపాటు చిన్న చిన్న సంగతులు కూడా పోతాయి. మన రూపాయి గుర్తును కేంద్ర ప్రభుత్వం 2010 జులై 15న ఆమోదించింది. అదే ఏడాది అక్టోబర్‌లో యూనికోడ్‌లో చేరింది. విండోస్ విస్టా, విండోస్ 7 వాడేవారికి ఆ గుర్తు 2011లో ఒక అప్‌డేట్ ద్వారా అందింది. అది అమరని కంప్యూటర్‌లో రూపాయి ఉండవలసిన చోట ఖాళీ గడి కనిపించేది.

సంతకం, గడియారం, తాళం

దిగిన ఫైలును కంప్యూటర్ వెంటనే నమ్మదు. అది నిజంగా తయారీదారు నుంచే వచ్చిందా, దారిలో ఎవరైనా మార్చారా అని ఎలక్ట్రానిక్ సంతకం చూస్తుంది. ఈ పరిశీలనలో ఆగిపోయే రెండు సందర్భాలు విద్యార్థులకు ఆసక్తి కలిగించేవి.

మొదటిది గడియారం. కంప్యూటర్ మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఒకటి ఉంటుంది. కరెంటు లేనప్పుడు తేదీ, సమయం నడిపేది అదే. పాత యంత్రాల్లో అది అయిపోతే, ప్రతిసారీ తేదీ ఎప్పటిదో పాత సంవత్సరానికి వెళ్లిపోతుంది. సంతకాలకు, సర్వర్ ఇచ్చే ధ్రువపత్రాలకు ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు అని గడువుంటుంది. మీ గడియారం 2009 అంటుంటే, 2025లో ఇచ్చిన పత్రం ఇంకా పుట్టనే లేదు! కంప్యూటర్ దాన్ని నిరాకరిస్తుంది. కొన్ని పదుల రూపాయల బ్యాటరీ మారిస్తే పోయేదానికి ఫార్మాట్ చేయించినవారు చాలామంది ఉంటారు. చేయించినా పోదు, ఎందుకంటే లోపం డిస్కులో లేదు.

రెండోది ఇంకా విచిత్రం. సంతకం కోసం ఫైలు నుంచి ఒక సంక్షిప్త సంఖ్య లెక్కగడతారు. దానికి ఎస్‌హెచ్‌ఏ 1 అనే పాత సూత్రం బలహీనమని తేలడంతో, మైక్రోసాఫ్ట్ 2019లో ఎస్‌హెచ్‌ఏ 2కు మారింది. 2020లో పాత సూత్రంతో నడిచే అప్‌డేట్ కేంద్రాలను మూసేసింది. దీని ఫలితం చూడండి: పాత సీడీతో విండోస్ 7ను కొత్తగా వేస్తే, ఆ విండోస్‌కు కొత్త సంతకం చదవడం రాదు. చదవడం నేర్పే అప్‌డేట్ దిగాలంటే కేంద్రంతో మాట్లాడాలి. కేంద్రం కొత్త సంతకం తప్ప మాట్లాడదు. బయటి నుంచి ఆ ఒక్క అప్‌డేట్‌ను విడిగా తెచ్చి వేస్తే తప్ప ఈ ముడి వీడదు. ఫార్మాట్ చేయడం అంటే యంత్రాన్ని పసిబిడ్డను చేయడమే. అది నేర్చుకున్నదంతా మరిచిపోతుంది.

సంతకం సరిపోయాక ఫైళ్లు మార్చాలి. వాడుకలో ఉన్న ఫైలును విండోస్ మార్చనివ్వదు. కూర్చున్న కుర్చీకి కాలు మార్చడం కుదరదు కదా. అందుకే మార్చవలసిన వాటి జాబితా రాసుకుని, కంప్యూటర్ మళ్లీ లేచేటప్పుడు, ఇంకెవరూ కూర్చోకముందే మారుస్తుంది. లైనక్స్‌లో ఫైలు పేరు వేరు, లోపలి సరుకు వేరు. నడుస్తున్న ప్రోగ్రాము పాత సరుకు పట్టుకుని ఉండగానే పేరును కొత్త సరుకుకు తగిలించవచ్చు. అందుకే అక్కడ రీస్టార్ట్ అవసరం తక్కువ. కెర్నల్ మారినప్పుడు మాత్రం సాధారణంగా తప్పదు.

రీస్టార్ట్ మధ్యలో కరెంటు పోతే? విస్టా ఇళ్లకు వచ్చిన 2007 నుంచి విండోస్ పాత భాగాలను వెంటనే పారేయకుండా ఒక గిడ్డంగిలో ఉంచుతుంది. అన్నీ సరిగా అమరితే కొత్తవి, ఏదైనా చెడితే పాతవి. మార్పులు వెనక్కి తీసుకుంటున్నాము అనే సందేశం మీరు చూసే ఉంటారు. బ్యాంకు లావాదేవీలో డబ్బు ఒక ఖాతాలో తగ్గి రెండో ఖాతాలో చేరకపోతే మొత్తం రద్దుచేసే పద్ధతి ఇది. కనుక 35 శాతం దగ్గర ప్లగ్గు పీకినా చాలాసార్లు యంత్రం బతుకుతుంది. ప్రతిసారీ బతుకుతుందని మాత్రం ఎవరూ హామీ ఇవ్వలేరు. మదర్‌బోర్డు బయాస్ అప్‌డేట్ నడుస్తుంటే ఈ రక్షణ కూడా సాధారణంగా ఉండదు. అప్పుడు ప్లగ్గు జోలికి పోవద్దు.

రెట్టింపు లెక్క

అన్నిటికన్నా నాకు ఇష్టమైన ఉదాహరణ 2013 నాటిది. ఎక్స్‌పీ వాడేవారికి ఒక వింత కష్టం వచ్చింది. అప్‌డేట్ దిగడం లేదు, అమరడం లేదు. ఏమేమి కావాలో వెతికే దశలోనే కంప్యూటర్ నూటికి నూరు పాళ్లు ప్రాసెసర్‌ను మింగేసి, గంటల తరబడి వేడెక్కి కూర్చునేది. అందరూ వైరస్ అనుకున్నారు.

కారణం ఒక లెక్క. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కు నెలనెలా వచ్చిన సవరణల్లో ప్రతి కొత్తదీ పాతదాన్ని రద్దుచేస్తుంది. ఆ పాతది అంతకుముందుదాన్ని రద్దుచేసింది. ఏళ్లు గడిచేసరికి ఈ గొలుసు బాగా పొడవైంది. ఏది దేన్ని రద్దుచేస్తుందో తేల్చే పద్ధతి ఎలా ఉందంటే, గొలుసుకు ఒక కడియం చేరినప్పుడల్లా పని రెట్టింపయ్యేది. చదరంగపు గళ్లలో గింజలు పెట్టిన కథ మీకు తెలిసిందే. పది రెట్టింపులకు 1,024. ఇరవైకి పది లక్షలు దాటుతుంది. నలభైకి లక్ష కోట్లు దాటుతుంది. గొలుసు చిన్నగా ఉన్నంతకాలం ఎవరికీ తెలియని లోపం, గొలుసు పెరగగానే కొండయింది. మైక్రోసాఫ్ట్ 2014 జనవరిలో పాత కడియాలను జాబితాలోంచి తీసేయడంతో ఊపిరి వచ్చింది. ఆ ఏప్రిల్ 8తో ఎక్స్‌పీకే మద్దతు ముగిసిందనుకోండి.

2015, 2016లలో విండోస్ 7 కూడా ఇలాగే వెతుకుతూ కూర్చుంది. ఒక రాత్రంతా వదిలేసినా కదలని యంత్రాలుండేవి. 2016 జులైలో వచ్చిన ఒక అప్‌డేట్‌ను విడిగా దించి వేస్తే గంటల పని నిమిషాల్లోకి వచ్చింది. అదే ఏడాది అక్టోబర్ నుంచి నెలవారీ సవరణలన్నిటినీ ఒకే మూటగా ఇవ్వడం మొదలుపెట్టారు. గొలుసు పోయి మూట వచ్చింది. దానితో దిగవలసిన పరిమాణం పెరిగింది. ఒక మెట్టు మీది రద్దీని ఇంకో మెట్టు మీదికి మార్చడమే ఇది. అయినా మంచి బేరమే.

దోష సంఖ్యను చదవడం

అప్‌డేట్ విఫలమైతే ఒక పొడుగాటి సంఖ్య చూపిస్తుంది. దాన్ని చూసి భయపడనక్కరలేదు. పదహారు ఆధారంగా రాసిన సంఖ్య అది. అందులో పది నుంచి పదిహేను వరకు ఏ నుంచి ఎఫ్ దాకా అక్షరాలు వాడతారు. మొదట 8007 ఉంటే విండోస్ మామూలు దోషాల పట్టికలోనిదని అర్థం. మిగతా నాలుగు స్థానాలను పదుల్లోకి మార్చండి.

80070070 వచ్చిందనుకుందాం. చివరి 70 అంటే ఏడు పదహార్లు, 112. పట్టికలో 112 అంటే డిస్కులో చోటు లేదు. సినిమాలు చెరిపితే పోయే జబ్బు. 80072ఈఈ2 వస్తే? ఈ అంటే 14 కనుక, 2 సార్లు 4096, 14 సార్లు 256, 14 సార్లు 16, చివర 2 కలిపితే 12,002. సర్వర్ నుంచి జవాబు సకాలంలో రాలేదని దీని భావం. కంప్యూటర్‌ను విప్పనక్కరలేదు, కనెక్షన్ చూసుకోండి.

అన్నిసార్లూ సంఖ్య నిజం చెబుతుందనుకోవద్దు. 2024 జనవరి 9న విండోస్ 10కు వచ్చిన ఒక భద్రతా అప్‌డేట్ ఎందరో ఇళ్లలో 80070643 అని చూపించి ఆగిపోయింది. చివరి 643 అంటే 1603, స్థాపనలో ఘోరమైన లోపం. అసలు కారణం మాత్రం రికవరీ కోసం కేటాయించిన చిన్న డిస్కు విభాగంలో 250 మెగాబైట్ల ఖాళీ లేకపోవడం. చోటు లేదని చెప్పవలసింది పోయి వేరే సంఖ్య వచ్చిందని మైక్రోసాఫ్టే ఒప్పుకుంది. ఆ విభాగాన్ని చేత్తో పెంచుకోవలసి ఉంటుందని కూడా చెప్పింది. అది నేర్పులేనివారు చేయవలసిన పని కాదు.

ఇక గదిలోని 35 శాతం సంగతి. డిస్కు దీపం మినుకుమినుకుమంటున్నంతసేపు పని జరుగుతున్నట్టే. పాత హార్డ్ డిస్కు ఉన్న యంత్రానికి రెండు మూడు గంటలు ఇవ్వండి. దరఖాస్తు అత్యవసరమైతే పక్క గదికి గాని, కేఫ్‌కు గాని వెళ్లండి. అంతసేపూ దీపం కదలకపోతే, పవర్ బటన్‌ను నొక్కి పట్టుకుని ఒక్కసారి ఆపి, మళ్లీ వేయండి. విండోస్ తానే వెనక్కి తీసుకోవడం మొదలుపెడితే ఆ పనిని మధ్యలో ఆపకండి. లేచాక మొదటి పని మీ ఫైళ్లను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించడం. తరవాత తేదీ, డిస్కులో ఖాళీ, కనెక్షన్ చూడండి. అవి బాగుంటే సర్వీసుల జాబితాలో విండోస్ అప్‌డేట్‌ను, బిట్స్‌ను ఆపి, విండోస్ ఫోల్డరులోని సాఫ్ట్‌వేర్ డిస్ట్రిబ్యూషన్ అనే ఫోల్డరు పేరు మార్చి, రీస్టార్ట్ చేయండి. సగం దిగి పాడైన ముక్కలు పక్కకు పోయి, కొత్త ఫోల్డరు తయారవుతుంది. ఇదివరకు అమరిన అప్‌డేట్లు పోవు. దానికీ లొంగకపోతే గిడ్డంగిలోని భాగాలనే పరీక్షించే డిస్మ్, ఆ తరవాత ఎస్ఎఫ్‌సీ అనే పనిముట్లు విండోస్‌లోనే ఉన్నాయి. ముందు డిస్మ్ నడపాలి. గిడ్డంగి పాడై ఉంటే ఎస్ఎఫ్‌సీ మంచి భాగాన్ని ఎక్కడినుంచి తెస్తుంది? ఫార్మాట్ మాట వీటన్నిటి తరవాతే.

యాభై తొమ్మిది రోజులు

ఇంత శ్రమ ఎందుకు, ఆపేసుకుంటే పోలేదా అనే ప్రశ్న మిగిలే ఉంది. 2017 మార్చి 14న మైక్రోసాఫ్ట్ ఒక సవరణ ఇచ్చింది. ఒకే నెట్‌వర్కులోని కంప్యూటర్లు ఫైళ్లు పంచుకునే ఏర్పాటులోని రంధ్రానికి అతుకు అది. మే 12న వన్నాక్రై అనే పురుగు బయలుదేరింది. మధ్యలో 59 రోజులు. బ్రిటన్‌లో ఆసుపత్రులు రోగులను వెనక్కి పంపవలసి వచ్చింది. మన ఆంధ్రప్రదేశ్‌లో చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల్లో 18 పోలీసు విభాగాల కంప్యూటర్లకు అది సోకిందని మరునాటి వార్తలు చెప్పాయి. ఫైళ్లకు తాళం వేసి, తాళంచెవికి డబ్బు అడిగే పురుగది. దెబ్బతిన్న యంత్రాల్లో అత్యధికం, అందరూ అనుకున్నట్టు, మద్దతు ముగిసిన ఎక్స్‌పీ కాదు. అప్పటికి అప్‌డేట్లు అందుతూనే ఉన్న విండోస్ 7. అతుకు గుమ్మం దాకా వచ్చింది, లోపలికి రానివ్వలేదు. 2015, 2016లలో వెతుకుతూ వెతుకుతూ విసిగించినది ఆ విండోస్ 7 అప్‌డేటే. ఎంతమంది ఆ విసుగుతో దాన్ని ఆపేశారో లెక్క లేదు గాని, ఆ విసుగును నేను తేలిగ్గా తీసిపారేయను.

ఎందుకంటే అప్‌డేట్లూ నిర్దోషులు కావు. 2018 అక్టోబర్ 2న విడుదలైన విండోస్ 10 పెద్ద అప్‌డేట్ కొందరి సొంత ఫైళ్లనే చెరిపేసింది. నాలుగు రోజుల్లో దాన్ని ఆపేశారు. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక చిన్న ఫైలు, మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం 85 లక్షల విండోస్ యంత్రాలను పడగొట్టింది. మన గడియారంలో ఉదయం 9 గంటల 39 నిమిషాలకు పంపారు, 78 నిమిషాల్లో వెనక్కి తీసుకున్నారు. కాని అప్పటికే దాన్ని అందుకున్న యంత్రాలు లేవలేని స్థితిలో ఉన్నాయి. లేవనిదే సవరణ అందుకోలేవు. చాలాచోట్ల మనుషులు యంత్రం దగ్గరికి వెళ్లి, సేఫ్ మోడ్‌లో లేపి, ఆ ఒక్క ఫైలును చేత్తో చెరపవలసి వచ్చింది. ఆ రోజు హైదరాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికులకు చేత్తో రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చారు. 2003లో 60 సెకన్ల ముడి, 2020లో సంతకం ముడి, 2024లో ఇది. మూడూ ఒకే తీరువి: మందు తాగడానికి కావలసిన ఓపికనే జబ్బు తీసేసింది. వచ్చిన రోజే అప్‌డేట్ వేసుకోవాలన్న నియమం అందుకే నాకు నచ్చదు. భద్రతా సవరణకు నాలుగైదు రోజులు ఆగవచ్చు, కొత్త హంగులు తెచ్చే పెద్ద అప్‌డేట్‌కు నెల రోజులైనా ఆగవచ్చు. 59 రోజులు ఆగకూడదు.

ఇప్పుడు అద్దె గదుల్లో కొత్త రకం ఆగడం ఒకటి కనిపిస్తోంది. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మామూలు మద్దతు ముగిసింది. వ్యక్తులకు ఒక సంవత్సరం పొడిగింపు ఉంది, దానికి విడిగా నమోదు చేసుకోవాలి. విండోస్ 11కు కావలసిన టీపీఎం 2.0 భద్రతా ఏర్పాటు, కొత్త తరం ప్రాసెసర్ పాత యంత్రాల్లో ఉండవు. ఆ యంత్రంలో అప్‌డేట్ రాకపోవడం మరమ్మతుకు లొంగే లోపం కాదు, పైన చెప్పిన ఫోల్డరు పేరు మార్చి ప్రయోజనం లేదు. అలాంటి యంత్రం మీ దగ్గరుంటే ఉబుంటు వంటి లైనక్స్‌ను పెన్‌డ్రైవ్ మీద ఎక్కించి, డిస్కు జోలికి పోకుండా, దాని నుంచే ఒక పూట నడిపి చూడండి. వైఫై పట్టుకుంటుందా, ప్రింటర్ కదులుతుందా, తెలుగు కీబోర్డు మీ అలవాటుకు సరిపోతుందా, దరఖాస్తుల సైట్లు తెరుచుకుంటాయా అని వరుసగా రాసుకోండి. ఏది తేలినా సరే, ప్రాజెక్టు రిపోర్టు ఇవ్వవలసిన వారంలో మాత్రం ఈ ప్రయోగం పెట్టుకోకండి.